మీకు తెలుసా? ఈ విమానానికి వేడిగాలే ఇంధనం!

• నేలపై నుంచి రిమోట్‌తో నడిపే రేడియో గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. లోపలి చిన్న బ్యాటరీ రిసీవర్‌కూ, తోకనూ రెక్కల అంచులనూ కదిపే సర్వోలకూ మాత్రమే. అయినా గాలి అనుకూలిస్తే గంటకు పైగా ఎగరగలదు!

• ఎండకు నేలంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన పొడి చేను, తారు రోడ్డు త్వరగా కాగుతాయి. చెరువు నిదానంగా వేడెక్కుతుంది. కాగిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. అదే థర్మల్.

• గ్లైడర్ తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంటుంది. ఆ గాలే అంతకన్నా వేగంగా పైకి లేస్తే గ్లైడర్ ఎత్తుకు చేరుతుంది.

• థర్మల్ కంటికి కనిపించదు. రెక్క ఆడించకుండా చక్కర్లు కొట్టే గద్దలే దాని ఆనవాలు. గ్లైడర్ రెక్క ఒకటి తనంతట తానే పైకి లేస్తే, పైలట్ వెంటనే ఆ వైపుకు తిప్పి గుండ్రంగా నడుపుతాడు.

• థర్మల్ చుట్టూ గాలి కిందికి దిగుతుంటుంది. అందులో చిక్కితే వేగం పెంచి త్వరగా బయటపడాలి.

• చేత్తో విసిరే గ్లైడర్ల ‘ఎఫ్3కె’ అంతర్జాతీయ పోటీల్లో రెక్కల నిడివి 1.5 మీటర్లు దాటకూడదు. రెక్క కొసను పట్టుకుని, డిస్కస్‌లా గిర్రున తిరిగి విసురుతారు. నిపుణులు విసిరితే 50 మీటర్లకు పైగా లేస్తుంది. ఆ పైన ఎగరడమంతా గాలిని చదివే నేర్పే!