తూకానికి వేసే ముందు

మాదాపూర్‌లో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. ఖాళీ చేసేటప్పుడు "ఈ పాత సామాను తీసుకుపో అమ్మా" అని పనిచేసే ఆమెకు ఇచ్చేస్తుంటారు. అందులో ఒక్కోసారి పాత కెమెరా ఉంటుంది. పాత సామాన్లవాడు దాన్ని ఇనుములాగే తూస్తాడు. ఇవ్వకండి, ముందు చూడండి.

పత్రికలవాళ్ల పాత కెమెరా చెక్కపెట్టెలా ఉంటుంది. పైన నల్ల తోలు. బరువు రెండు కిలోలకు పైనే. ముందు తలుపు కిందికి దించి లాగితే హార్మోనియం తిత్తిలాంటి మడతలు సాగుతాయి. వాటి చివర అద్దం. దీనికి రీలు కాదు, అరచెయ్యంత ఫిల్ము ముక్క పెట్టేవారు. ముక్కకు ఒకటే ఫొటో!

వీటిలో పేరున్నది అమెరికాలో చేసిన స్పీడ్ గ్రాఫిక్. 1912లో మొదలైంది. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయి వ్యారావాలా దీన్ని వాడారు. చీర కట్టుకుని ఢిల్లీలో సైకిలు మీద తిరుగుతూ ఫొటోలు తీశారామె.

మరి కెమెరా ఏ ఏటిది? దాని మీది పేరు చదవాలి. ఇంగ్లీషు రాకపోతే బడిపిల్లల చేత చదివించండి. 'ఫోల్మర్ గ్రాఫ్లెక్స్' అని ఉంటే 1945 లేదా అంతకు ముందుది. ఉత్త 'గ్రాఫ్లెక్స్' కంపెనీ అని ఉంటే ఆ తర్వాతది. అద్దం బిగించిన పలక కూడా చూడండి. 1947లో వచ్చిన కొత్త రకానికి చెక్క పలక తీసేసి రేకు పలక పెట్టారు.

కొడాక్ ఎక్టార్ అద్దమైతే తమాషా ఉంది. నంబరుకు ముందు రెండు అక్షరాలుంటాయి. అవి అంకెలే! సి అంటే 1, ఎ 2, ఎమ్ 3, ఇ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై సున్నా. 'ఇ ఓ' అని ఉంటే 46. అంటే 1946లో చేసిన అద్దం. పక్కన 127 అని ఉంటే అది సంవత్సరం కాదు, అద్దం కొలత. అయితే ముక్కుపుడకకు రాయి మార్చినట్టు కెమెరాకు అద్దం మార్చేవారు. కాబట్టి పెట్టె వయసు వేరే ఉండొచ్చు.

పాతదైతే చాలు లక్షలొస్తాయని అనుకోవద్దు. తిత్తికి చిల్లులు పడినా, అద్దానికి బూజు పట్టినా ధర తగ్గుతుంది. అయినా ఇనుము ధర మాత్రం కాదు. నూనె రాయకండి, తడిగుడ్డతో తుడవకండి. మాదాపూర్‌లోనే స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడ ఫొటోల ప్రదర్శన పెట్టినప్పుడు వచ్చే ఫొటోగ్రాఫర్లకు చూపించి అడగండి.

ఇంకో మాట. ఇచ్చినవాళ్ల చేత "మేమే ఇచ్చాం" అని చీటీ రాయించుకోండి. రేపు దొంగతనం మాట రాకుండా ఉంటుంది. తేదీ, సంతకం ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి.