పలుచని కెమెరా: గుణదోషములు

పూర్వము కెమెరా యనగా తోలుసంచిలో పెట్టి భుజమునకు తగిలించుకొను పెట్టె. ఫిలిము చుట్టకు కొంత చోటు, కటకమునకు ఫిలిమునకు నడుమ కొంత దూరము కావలసియుండుటచే అది సాధారణముగా లావుగనే యుండెడిది. 2002లో జపానుదేశపు కేసియో సంస్థ ఎక్సిలిం ఎస్-1 అను డిజిటల్ కెమెరాను విడుదల చేసెను. దాని మందము 11.3 మి.మీ. మాత్రమే. చొక్కా జేబులో సులభముగా ఇమిడిపోవును. కాని అందు దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు జూమ్ కటకము లేదు; ఉన్న కటకము వస్తువు దూరమునుబట్టి జరుగదు; చిత్రమునకు సుమారు 12 లక్షల చుక్కలే. పలుచదనము ఊరక రాలేదన్నమాట. దానికై దేనిని వదలుకొనిరో, దేనిని ఉపాయముతో దక్కించుకొనిరో తెలిసినగాని ఇట్టి కెమెరాల మంచిచెడ్డలు తేలవు.

కెమెరా పలుచబడుటకు ముఖ్యకారణము ఫిలిము పోవుట కాదు. దాని స్థానమున వచ్చిన కాంతిగ్రాహక ఫలకము మిక్కిలి చిన్నదగుట. 35 మి.మీ. ఫిలిముపై పడు చిత్రము కొలత 36 × 24 మి.మీ. 2003లో వచ్చిన పెంటాక్స్ ఆప్టియో-ఎస్ కెమెరాలోని ఫలకము సుమారు 5.8 × 4.3 మి.మీ.; ఇంచుమించు కందిగింజంత. కర్ణములను పోల్చినచో ఫిలిము చిత్రములో ఆరవ వంతు. కావున ఫిలిము కెమెరాలో 35 మి.మీ. నాభ్యంతరముగల కటకము చూపు దృశ్యమును ఇందు 5.8 మి.మీ. నాభ్యంతరముగల కటకమే చూపును. దూరవస్తువు ప్రతిబింబము నాభివద్ద ఏర్పడునని విద్యార్థు లెరుగుదురు. నాభ్యంతరము తగ్గినకొలది పెట్టె లోతును తగ్గును.

జూమ్ కటకము సంగతి వేరు. అందు గాజుబిళ్ళల గుంపులు ఒకదాని వెనుక నొకటి నిలువవలెను. ఆప్టియో-ఎస్ ను ఆపినప్పుడు మూడు గుంపులలో నడిమిది వరుసనుండి తప్పుకొని పైకి పోవును. మిగిలినవి దగ్గరగా ముడుచుకొనును. ఇరుకు బల్లపై కూర్చున్న ముగ్గురిలో నడిమివాడు పై బల్ల యెక్కినట్లన్నమాట! ఇట్లు మందము 20 మి.మీ.లకు దిగెను. 2002 నాటి మినోల్టా డైమేజ్-ఎక్స్ మరియొక మార్గము త్రొక్కెను. అందు ముందరి కటకము వెనుకనున్న పట్టకము కాంతిని 90° మళ్ళించి క్రిందికి పంపును. జూమ్ బిళ్ళలు పెట్టెలోపలనే నిలువుగా కదలును; బయటికి ఏదియు పొడుచుకొని రాదు. ఇది జలాంతర్గామిలోని పెరిస్కోపు సూత్రమే. కొన్ని నేటి ఫోనులలోని దూరదృశ్య కటకములును ఇట్లే పనిచేయును.

ఇక పనితనము. ఆప్టియో-ఎస్ ఫలకము 2048 × 1536 గళ్ళుగా విభజింపబడినది. ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 2.8 మైక్రానులు. కాంతిని ఫోటానుల వానగా ఊహింపవచ్చును. వానలో పెద్ద పళ్ళెమునుంచి, నిమిషమునకెన్ని చినుకులు పడినవో లెక్కించినచో లెక్క అంతగా మారదు. సీసామూతనుంచినచో ప్రతిసారియు మారును. ఒక గడి సగటున 10,000 ఫోటానులను గ్రహించినచో హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి 1. దీపపు వెలుతురున 100 మాత్రమే గ్రహించినచో హెచ్చుతగ్గు 10, అనగా నూటికి 10. పగటి యెండలో నిగనిగలాడు చిత్రము రాత్రి ఇసుక చల్లినట్లుండుటకు కారణమిదియే. ఆ ఇసుకను కెమెరాలోని గణకయంత్రము తుడువబోవును. దానితోబాటు తలవెండ్రుకల గీతలును చెరిగిపోవును.

కాంతి తరంగస్వభావము మరియొక హద్దు పెట్టినది. రంధ్రముగుండా పోయిన కాంతి బిందువుగా గాక చిన్న బిళ్ళగా పడును. తరంగదైర్ఘ్యమును ఎఫ్-సంఖ్యచేతను, మరల 2.44చేతను హెచ్చించినచో బిళ్ళ వ్యాసము వచ్చును. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాను, జూమ్ పూర్తిగా సాచినప్పుడు ఈ కెమెరా ఎఫ్-సంఖ్య 4.8. వ్యాసము 6.4 మైక్రానులు, అనగా రెండు గళ్ళకు మించినది. అట్టపెట్టెపై మెగాపిక్సెల్ అంకె రెట్టింపైనను, కటకము అంతే చిన్నదైనచో వివరము రెట్టింపు కాదు. కొనువారిని ఎక్కువగా మోసపుచ్చినది ఈ అంకెయే.

చిన్నదనమువలన మేలును కలదు. నాభ్యంతరము కొద్దియగుటచే దగ్గరి దూరపు వస్తువులు ఒకేసారి స్పష్టముగా పడును. ముందు బల్లనుండి వెనుక గోడవరకు తరగతి యంతయు చక్కగా కనబడును. కేసియో కటకము కదలకయే పనిచేయుటకు కారణమిదియే. ఫ్లాష్ దీపము కటకమున కానుకొని యుండుటమాత్రము లోపము. ఆ కాంతి కంటి లోపలి పొరనుండి వెనుకకు మరలి నేరుగా కటకమునే చేరును. చిత్రములో కనుపాపలు ఎర్రబడును.

ఇట్టి పాత కెమెరా యేదైన దొరకినచో పాఠశాలలో పరీక్షింపవచ్చును. వార్తాపత్రికను గోడకు అతికించి ఫొటో తీసి, నడుమను మూలలను అక్షరములను పోల్చవలెను. ఇటుకగోడను తీసినచో అంచులందలి వరుసలు వంగినవో లేదో తెలియును. పిమ్మట నడచుచున్న స్టాప్‌వాచి ఎదుట కెమెరానుంచి, సరిగా 10 సెకనులు చూపుసరికి మీట నొక్కవలెను. చిత్రములో 10.6 కనబడినచో 0.6 సెకను ఆలస్యము. పదిమారులు చేసి సగటు తీయుట మేలు. తరువాత మీటను ముందుగనే సగము నొక్కియుంచి మరల కొలువవలెను. ఆలస్యము తగ్గును, తగ్గిన ఆ భాగము ముఖ్యముగా కటకము దూరమును సరిచేసికొనుటకు పట్టిన కాలము.