పసివారికి ఒత్తుల చదువు



ఐదారేండ్ల పిల్లవాడు పలక పట్టి ఓనమాలు దిద్ది, గుణింతము నేర్చి, 'తల', 'మేక', 'కోడి' మొదలగు మాటలను చకచక చదువును. ఇంటిల్లిపాదియు సంతసింతురు. పిదప వానికి 'భక్తి' యను మాట చూపుడు. 'భకిత' యని చదివి బిక్కమొగము వేయును. అంతవరకు చురుకుగా నున్నవాడు ఆనాటినుండి పుస్తకమన్న వెనుదీయును. బడికి పోనని మారాము చేయుటయు కలదు. వాని బుద్ధి మందగించినదని మనము తలంతుము. లోపము బుద్ధిలో లేదు. మన లిపిలోని యొక చిక్కును వాని కెవ్వరును విప్పి చెప్పలేదు.

ఆ చిక్కు ఎట్టిది? 'క్తి' యను నక్షరమును పరికింపుడు. పైన కకారము, దానిపై గుడి, క్రింద తకారపు ఒత్తు. కంటికి గుడి కకారమునకే చెందినట్లు తోచును. నోట పలుకునపుడు మొదట క్, పిదప త్, కట్టకడపట ఇకారము. వ్రాత యొక వరుస, పలుకు మరియొక వరుస. 'భకిత' యన్న బాలుడు కన్నది కన్నట్లే చదివినాడు. కావున వానికి మొదట చెప్పవలసిన సూత్ర మిది: పై హల్లు, క్రింది ఒత్తు, చివర గుణింతపు గుర్తు.

మొదట ద్విత్వములతో ప్రారంభింపవలెను. ఒకే హల్లు రెండుమార్లు వచ్చుటచే ఇవి సులభములు. 'అమ్మ', 'అక్క', 'అన్న', 'అవ్వ' యను మాటలు పిల్లవాని నోట ముందే యున్నవి. 'గడి – గడ్డి', 'చెలి – చెల్లి', 'కల – కల్ల' అని జంటలుగా వ్రాసి చూపినచో, ఒత్తు లేకున్న అర్థమే మారిపోవునని తానే గ్రహించును.

ఒత్తుల రూపములను గూర్చియు భయము వలదు. గ, చ, డ, ద, ప మొదలగు పెక్కింటికి తలకట్టు తీసినచో ఒత్తు రూప మేర్పడును. త, న, మ, య, ర, ల మొదలగునవి రూపు మార్చుకొనును. వీనిని దినమున కొక్కటి చొప్పున ఇసుకలో దిద్దించిన చాలును.

తరువాత 'పద్మము', 'పుస్తకము' వంటి సంయుక్తములు. పద్యము చదువు మీకు తెలిసినదే: సంయుక్తమునకు ముందున్న లఘువు గురువగును. నాలుక అచ్చట ఒక క్షణము నిలుచుటయే అందులకు కారణము. ఆ నిలుకడయందే చప్పట్లు కొట్టించి 'పద్–మము', 'పుస్–తకము', 'భక్–తి' యని పలికింపుడు. ముడి తనంత విడిపోవును. 'ప్రజ', 'క్రమము' వలె మాట మొదటనే యొత్తున్న వానిని పిదప చెప్పవలెను. 'రాష్ట్రము', 'స్త్రీ' వంటి మూడు హల్లుల కూడికలను చివరకు ఉంచవలెను.

రేఫము పిల్లలను మిక్కిలి తికమక పెట్టును. 'క్రమము', 'కర్మము' పక్కపక్కన వ్రాసి ఏది ముందు పలుకవలెనో చూపుడు. పాత అచ్చు పుస్తకములలో 'కర్మము' నందలి రేఫమును మకారమునకు కుడివైపున వలపలగిలకగా వేసెడివారు. నేటి వాచకములలో అది కానరాదు. ఆ పాత పుస్తకములతో చదువు చెప్పువారు ఈ భేదమును గుర్తింపవలెను.

ఇంకొక మాట. ఇంట 'రాత్తిరి', 'విద్దె' యని విన్న బిడ్డ, 'రాత్రి', 'విద్య' యని వ్రాసియున్నచోట తడబడుట సహజము. పరిహసింపకుడు. మన భాషయే 'భక్తి'ని 'బత్తి'గను, 'యాత్ర'ను 'జాతర'గను మార్చుకొన్నది. ఇంటిమాటను తప్పనక, దాని ప్రక్క పుస్తకపు మాటను ఉంచి రెండును పలికింపుడు.

ఈ శ్రమ యంతయు దేనికి? 'అప్పు', 'వడ్డీ', 'పట్టా', 'పత్రము', 'సాక్షి' – రైతు బ్రతుకును శాసించు మాటలన్నిటను ఒత్తులే కలవు. ఒత్తులయొద్ద చదువు నిలిచిపోయినవాడు పెద్దవాడై తన పత్రమును పరులచేత చదివించుకొని, వారు చెప్పినచోట వ్రేలిముద్ర వేయవలసినవాడగును. కావున సాయంకాలము అరుగుపై కూర్చున్నపుడు మీ మనుమని, మనుమరాలిని చెంతకు పిలిచి, దినమునకు నాలుగు ఒత్తుమాటలు ఓర్పుతో చదివింపుడు. బెత్తముతో పనిలేదు.