వాలీబాల్ కోర్టులో పాత రూల్స్: అపోహలు – వాస్తవాలు

ఊరి వాలీబాల్ కోర్టులో గట్టిగా వాదించే ఆటగాడికి ఏదో ఒక రూల్ తెలిసే ఉంటుంది. బంతికి కాలు తగిలితే ఫౌల్ అంటాడు. సర్వీస్ నెట్‌కు తగిలితే పోయినట్టే అంటాడు. బ్లాక్‌కు తగిలిన బంతిని మూడు టచ్‌లలో ఒకటిగా లెక్కపెట్టమంటాడు. ఈ మూడూ ఇప్పుడు తప్పే. అలాగని అవి ఎవరో పుట్టించిన మాటలూ కావు. మూడూ ఒకప్పుడు అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య నిబంధనల్లో ఉన్నవే. మన దగ్గర ఈ ఆటను పుస్తకం చదివి నేర్చుకునేవాళ్లు తక్కువ. స్కూల్లో పీఈటీ మాస్టారు చెప్పింది, ఊళ్లో సీనియర్లు ఆడింది చూసి పట్టుకుంటారు. ఆ సీనియర్లు తమ కాలంలో సరైనదే నేర్చుకున్నారు, సరైనదే నేర్పారు. ఈలోగా రూల్ పుస్తకం మారిపోయింది. కాబట్టి వాలీబాల్ అపోహలను తెలియనితనం కింద కొట్టిపారేయడం కంటే, ఏ రూల్ ఎందుకు మారిందో చూస్తే ఎక్కువ లాభం. ఆ మార్పుల్లో చాలావాటికి ఒకే దిశ ఉంది: స్మాష్ బలం పెరిగేకొద్దీ, బంతిని కింద పడకుండా కాపాడేవాడికి వెసులుబాటు పెంచుతూ వచ్చారు.

కాలి సంగతే తీసుకోండి. చాలాకాలం నడుము పై భాగంతోనే బంతి ఆడాలన్న నియమం ఉండేది. తర్వాత దాన్ని మోకాలి పైదాకా సడలించారు. 1990ల మధ్యకొచ్చేసరికి ఆ హద్దు కూడా తీసేశారు. ఇప్పుడు పాదంతో సహా శరీరంలో ఏ భాగంతోనైనా బంతిని లేపవచ్చు. ‘చేతులతో ఆడే ఆటలో తన్నడమేమిటి, రేపు ఫుట్‌బాల్ చేసేస్తారా?’ అని అడిగేవాళ్లున్నారు. ఆ భయానికి ఆటే జవాబు చెప్పింది. రెండు ముంజేతులు చేర్చి ఆడితే బంతి మీద దొరికే అదుపు పాదంతో దొరకదు. అందుకే రూల్ మారి దాదాపు ముప్పై ఏళ్లయినా, చెయ్యి అందని చోట ఆఖరి ప్రయత్నంగా తప్ప ఎవరూ కాలు వాడటం లేదు.

ఇంతకంటే ఎక్కువ తగాదా పెట్టేది డబుల్ టచ్. సర్వీస్ తీసుకునేటప్పుడు బంతి ఒక ముంజేతికి తగిలి, వెంటనే రెండోదానికి తగిలి లేస్తుంది. ‘టప్ టప్’మని రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. అవతలి జట్టంతా ఒక్కసారిగా చేతులెత్తి రెండు వేళ్లు చూపిస్తుంది. కానీ జట్టు ఆడే మొదటి టచ్‌లో, ఒకే కదలికలో, బంతి వరుసగా శరీరంలోని వేర్వేరు భాగాలకు తగిలినా తప్పు లేదు. వేగంగా దూసుకొచ్చే సర్వీస్‌నో స్మాష్‌నో ఎదుర్కొనేవాడికి అంత శుభ్రత సాధ్యం కాదని ఒప్పుకుని ఇచ్చిన మినహాయింపు ఇది. అదే మొదటి టచ్‌లో బంతిని పట్టి విసిరితే మాత్రం హోల్డింగే. ఇక లిఫ్టర్ చేతిలోంచి బంతి గిరగిరా తిరుగుతూ వెళ్తే డబుల్ టచ్ అయినట్టేనన్న నమ్మకం ఉంది. గిరగిరా తిరగడం అనుమానించడానికి కారణం కావచ్చు గానీ, దానంతట అది తప్పు కాదు. రెఫరీ చూడాల్సింది వేళ్లు బంతికి తగిలిన క్షణాన్ని.

బ్లాక్ విషయంలోనూ ఇదే తర్కం. పాత నిబంధనలో బ్లాక్‌కు తగిలిన బంతికి ఒక టచ్ అయిపోయినట్టే, మిగిలేవి రెండు. 1976 తర్వాత బ్లాక్‌ను లెక్కలోంచి తప్పించారు. అది పోగా మూడు టచ్‌లు ఉంటాయి, అందులో మొదటిది బ్లాక్ వేసిన ఆటగాడే ఆడవచ్చు. ‘తనే రెండుసార్లు ముట్టుకున్నాడు’ అని అరిచే ప్రత్యర్థికి నచ్చకపోయినా రూల్ అంతే. అసలు 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో విలియం మోర్గాన్ ఈ ఆటను రూపొందించినప్పుడు టచ్‌లకు లెక్కే లేదు. సంప్రదాయం పేరుతో వాదించేవాళ్లు అంత వెనక్కి మాత్రం వెళ్లరు!

సర్వీస్, స్కోర్ మార్పులకు కారణం వేరు. వెనకటికి సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు, ఓడితే సర్వీస్ ఛేంజ్ మాత్రమే. సర్వీస్ అటూ ఇటూ మారుతూనే ఉండేది, స్కోర్ కదిలేది కాదు, మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో తెలిసేది కాదు. ముందు ఐదో సెట్‌లోనూ, 1999 నుంచి అన్ని సెట్లలోనూ ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చేసింది. నాలుగు సెట్లు 25 పాయింట్లకు, ఐదోది 15కు, రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. 2000 తర్వాత సర్వీస్ నెట్‌కు తగిలి అవతల పడినా ఆట సాగుతుందన్నారు. ‘అది అదృష్టం, నైపుణ్యం ఏముంది?’ అన్న అభ్యంతరం సబబుగానే ఉంటుంది. అయితే ర్యాలీ మధ్యలో నెట్‌ను రాసుకుంటూ వెళ్లిన బంతికి అప్పటికే చాలాకాలంగా అభ్యంతరం లేదు. ఒక్క సర్వీస్‌కే వేరే న్యాయం ఎందుకన్న ప్రశ్నకు పాత నిబంధన దగ్గర గట్టి జవాబు లేదు.

అయితే మార్పులన్నీ సడలింపులేనని అనుకుంటే అదింకో అపోహ. నెట్ టచ్ చరిత్రే సాక్ష్యం. 2009లో దీన్ని బాగా సడలించి, ప్రధానంగా పైపట్టీ తగిలితేనే తప్పన్నారు. 2015లో మళ్లీ బిగించారు. ఇప్పుడు నెట్‌కు రెండు చివర్లా ఉండే యాంటెనాల మధ్య, బంతిని ఆడే క్రమంలో నెట్‌ను ఎక్కడ తాకినా తప్పే. ఎగరడం, కొట్టడం, అదుపులో కిందికి దిగడం అన్నీ ఆ క్రమంలోనివే. స్మాష్ కొట్టేసి, కాళ్లు నేలకు తగిలాక తూలి నెట్ మీద పడితే ‘బంతి ఎప్పుడో పోయింది కదా’ అనడం చెల్లదు. మరోవైపు, అవతలివాడు కొట్టిన బంతికి నెట్ ఉబ్బి వచ్చి మన చేతికి తగిలితే అది మన తప్పు కాదు. యాంటెనాకు బయట స్తంభాన్నో తాడునో పట్టుకున్నా, ఆటకు అడ్డు రానంతవరకు తప్పు లేదు. మధ్యగీత దగ్గర కూడా అంతే. గీత తొక్కగానే విజిల్ వేయకూడదు. పాదం పూర్తిగా దాటిపోతేనే తప్పు. కొంత భాగం గీత మీద గానీ, దానికి సూటిగా పైన గానీ ఉంటే చాలు.

ఏ కాలంలోనూ నిజం కాని అపోహలు కూడా ఉన్నాయి, అవి ఎక్కువగా సామాను గురించి. బంతిలో ఎంత గాలి కొడితే అంత మంచిదని సైకిల్ పంపుతో రాయిలా బిగించేస్తారు. బంతి లోపల ఉండాల్సింది చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు, ఫుట్‌బాల్‌లో కొట్టే గాలి కంటే చాలా తక్కువ. అతిగా బిగిసిన బంతి ముంజేతి మీద నిలవకుండా చిమ్ముకుపోతుంది, కుర్రాడికి రిసీవింగ్ రాదని పేరు పడుతుంది. నెట్ ఎత్తును స్తంభం దగ్గర కొలవడం మరో అలవాటు. పురుషులకు 2.43, మహిళలకు 2.24 మీటర్లన్నది కోర్టు మధ్యలో కొలవాల్సిన ఎత్తు. గీతల దగ్గర అంతకంటే 2 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు. తాడు వదులై మధ్యలో జారిన నెట్ మీద స్మాష్ నేర్చుకున్నవాడికి, బిగించి కట్టిన నెట్ గోడలా కనిపిస్తుంది.

‘మా ఊరు, మా కోర్టు, అందరం ఒప్పుకుని ఆడుకుంటున్నాం, మీ పుస్తకం ఎందుకు?’ అంటే, సాయంత్రం సరదాగా ఆడే ఆటకు ఆ మాట న్యాయమే. చోటు చాలక, మనుషులు చాలక రూల్ మార్చుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కు వచ్చేది అదే కుర్రాడు జిల్లా సెలెక్షన్లకు వెళ్లినప్పుడు. నెట్‌కు తగిలిన సర్వీస్ పోయిందని వదిలేస్తాడు, అది తన కాళ్ల దగ్గరే పడుతుంది. కాలితో లేపగల బంతికి కాలు వెనక్కి తీసుకుంటాడు. బ్లాక్ తర్వాత మూడో టచ్ మిగిలే ఉన్నా, రెండో టచ్‌కే కంగారుగా అవతలికి నెట్టేస్తాడు. ఇవేవీ విజిల్ పడే తప్పులు కావు గనుక, పాయింటు ఎందుకు పోయిందో రెఫరీ చెప్పడు.