నక్షాకు ప్లాస్టిక్ తొడిగిస్తే కాపాడినట్టేనా? లామినేషన్ దేనికి మంచిది, దేనికి కాదు

పాలంపేట అంటే అందరికీ రామప్ప గుడి, రామప్ప చెరువు గుర్తొస్తాయి. 1213 నాటి ఆ గుడికి 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ ఊరి గుడుల మీద మొదట్లో పద్ధతిగా రాసినవాళ్లలో గులాం యజ్దానీ ఒకరు. నిజాం ప్రభుత్వం 1914లో పెట్టిన పురావస్తు శాఖకు తొలి అధిపతి ఆయనే. పాలంపేట గుడుల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. వందేళ్లు దాటినా అది ఇప్పటికీ చదవడానికి దొరుకుతోంది. ఎందుకంటే దానికి కాపీలు చాలా ఉన్నాయి. ఒకటి చెదలు తిన్నా ఇంకొకటి ఉంటుంది.

మరి మీ సందూక్‌లో మడతపెట్టి ఉన్న పొలం నక్షా సంగతేంటి? దాదా కాలం నాటి సేత్వార్ నకలు, తిప్పన్, ఖబ్రస్తాన్ హద్దుల పటం, మస్జిద్ ఇనాం భూమి ముంతఖబ్... ఇవి ఒక్కొక్కటే ఉంటాయి. రెండోది చాలా ఇళ్లలో ఉండదు.

పాలంపేట ఉన్నది వెంకటాపూర్ మండలంలో. అదే మండలంలోని లక్ష్మీదేవిపేటలో 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. అలాంటి వాన చూసినవాళ్లకు ఇంట్లో కాగితాలను ప్లాస్టిక్‌లో పెట్టేయాలని అనిపించడం సహజం. జిరాక్స్ షాపుకు పోతే పది నిమిషాల పని. నక్షా మెరుస్తూ, గట్టిగా, నీళ్లు పడినా జారిపోయేలా తయారై వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, మనసుకూ నిమ్మళంగా ఉంటుంది.

కానీ అసలు కాగితానికి ఆ పని చేయించొద్దు. కాపీకి మాత్రం నిశ్చింతగా చేయించుకోండి. ఈ రెండు మాటల వెనక ఉన్న కారణాలు తెలిస్తే, షాపులో ఏం అడగాలో మీకే అర్థమవుతుంది.

లోపల జరిగేది ఏంటి

లామినేషన్ పౌచ్ అంటే ఒట్టి ప్లాస్టిక్ కవరు కాదు. బయటి పొర పాలిస్టర్. లోపలి పొర వేడికి కరిగే జిగురు. మెషిన్ రోలర్లు నీళ్లు మరిగేంత వేడిలో ఆ జిగురును కరిగించి కాగితం నారల్లోకి నొక్కుతాయి. చల్లారాక కాగితం, జిగురు, ప్లాస్టిక్ మూడూ ఒకే ముక్క అవుతాయి. తర్వాత విడదీయాలంటే కాగితం పై పొర, దాంతో పాటు సిరా కూడా ఊడి వస్తాయి. రసాయనం పోసి జిగురు కరిగిద్దామంటే స్టాంపు ముద్ర, పాత ఇంకు ముందు కరుగుతాయి.

పాత కాగితాలకు వేడి అసలే పడదు. గిర్దావర్ చేత్తో రాసిన సిరా, ఊదా రంగు ఆఫీసు ముద్ర, అతికించిన రెవెన్యూ స్టాంపు, గుచ్చి నొక్కిన ఉబ్బెత్తు సీలు వేడికి, ఒత్తిడికి ఒక్కోటి ఒక్కో రకంగా చెడతాయి. ఉబ్బెత్తు సీలైతే పూర్తిగా చదునైపోతుంది. థర్మల్ కాగితం మీద వచ్చిన రసీదును మెషిన్‌లో పెడితే నల్లబొగ్గులా బయటికొస్తుంది. పాత లేఅవుట్లు, ఇంటి ప్లాన్ల అమ్మోనియా ప్రింట్లు వెలుతురుకే వెలిసిపోయే రకం, వాటిని వేడికి అస్సలు చూపించొద్దు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వానాకాలంలో కాగితం గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. అలాగే సీలు చేస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. అంచు ఎక్కడైనా కొద్దిగా విడిపోయి వరద నీళ్లు లోపలికి పోతే మళ్లీ బయటికి వచ్చే దారి ఉండదు. పైకి ప్లాస్టిక్ మెరుస్తూనే ఉంటుంది, లోపల బూజు పాకుతూ ఉంటుంది. ఇక మడతపెట్టే నక్షాకు లామినేషన్ చేస్తే మడత దగ్గర ప్లాస్టిక్ విరుగుతుంది, దాంతో పాటే కాగితమూ చీలుతుంది.

"మరి సర్కారు ఆర్కైవ్స్‌లోనే పాత దస్తావేజులు లామినేట్ చేశారు కదా?" అని తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే, చేశారు. అమెరికాలో బారో అనే ఆయన 1930లలో సెల్యులోజ్ అసిటేట్ పొరతో వేడి పద్ధతి మొదలుపెట్టాడు. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో మనవాళ్లు యంత్రం లేకుండా, అసిటోన్‌తో చేత్తో అతికించే పద్ధతి కనిపెట్టారు. ముక్కలైపోతున్న కాగితాలకు ఆ రోజుల్లో అదే దిక్కు. అది ఈ జిరాక్స్ షాపు పౌచ్ లాంటిది కాదు, మళ్లీ అసిటోన్‌తో విప్పడానికి వీలుండేది. అయినా కాలం గడిచేకొద్దీ కొన్నిచోట్ల ఆ పొర చెడి సిర్కా వాసన కొట్టడం మొదలైంది. 1970ల మొదట్లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాళ్లు దారి మార్చారు. జిగురు కాగితాన్ని తాకకుండా రెండు పాలిస్టర్ షీట్ల మధ్య ఉంచే పద్ధతి అది. దాన్నే మన ఇళ్లకు తగ్గట్టు ఎలా చేసుకోవాలో కింద చెప్తాను.

కోర్టులో, ఆఫీసులో ఏమవుతుంది

30 ఏళ్లు దాటిన పత్రం సరైన వాళ్ల దగ్గర నుంచి వస్తే, అది నిజమైనదే అనుకోవడానికి మన సాక్ష్య చట్టం కోర్టుకు వెసులుబాటు ఇస్తుంది. కానీ ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే కాగితం రకం, సిరా, వాటర్‌మార్కు, దిద్దుళ్లు చూడాల్సి వస్తుంది. ప్లాస్టిక్ కింద ఉన్న సిరాను నిపుణుడు ఎలా పరీక్షిస్తాడు? సర్వేయర్‌కూ ఇబ్బందే. పాత నక్షా మీద పెన్సిల్ గీతలు, కంపాస్ గుచ్చిన సన్నటి చిల్లులు కూడా అతనికి ఆనవాళ్లే. మెరిసే ప్లాస్టిక్ కింద అవి కనబడవు.

సౌదీ, దుబాయ్ నౌకరీల కోసం సర్టిఫికెట్లు అటెస్టేషన్‌కు పంపినవాళ్లకు ఈ తలనొప్పి బాగా తెలుసు. ముద్ర, స్టిక్కర్ కాగితం వెనకాల పడాలి. ప్లాస్టిక్ మీద పడదు. లామినేట్ చేసిన డిగ్రీ పట్టుకుని యూనివర్సిటీకి పోయి డూప్లికేట్ కోసం తిరిగిన కుటుంబాలు మనలో తక్కువేం లేవు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, భూమి కాగితాల లెక్క మళ్లీ కదిలింది. భూ భారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న ఏర్పాటు ఉంది. రాష్ట్రంలో 413 గ్రామాలకు నక్షానే లేదని ప్రభుత్వమే చెప్పింది. 2025లో అలాంటి ఐదు గ్రామాల్లో ప్రయోగాత్మకంగా రీసర్వే మొదలుపెట్టింది. సర్కారు దగ్గరే పటం లేని చోట, ఇంట్లో ఉన్న పాత కాగితం ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

ముందు చదివించండి

ఒక మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మన ఇళ్లలో పిల్లలు తెలుగు, ఇంగ్లిష్ చదువుతున్నారు. దాదా, నానాల కాగజాత్ ఉర్దూలో ఉన్నాయి. ఏ కాగితం ఏంటో తెలియకుండానే దాచుతున్నాం, తెలియకుండానే పారేస్తున్నాం కూడా. వెనకవైపు రెండు పంక్తులు గీకినట్టు ఉంటే "ఏదో పిచ్చిరాత" అనుకుంటాం. భూమి పేరు మారిన సంగతి ఆ రెండు పంక్తుల్లోనే ఉండొచ్చు.

ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లు ఉండగానే చేయించండి. కొన్ని మాటలు మీరూ గుర్తుపెట్టుకోండి. మౌజా అంటే గ్రామం. రఖ్బా అంటే విస్తీర్ణం, ఎకరాలు, గుంటల్లో ఉంటుంది, 40 గుంటలు ఒక ఎకరం. హుదూదె అర్బా అంటే నాలుగు హద్దులు: షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం, మష్రిఖ్ తూర్పు, మగ్రిబ్ పడమర. తారీఖు పక్కన ఫస్లీ అని ఉంటే దానికి 590 కలపండి, ఇంచుమించు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1340 ఫస్లీ అంటే 1930-31 ప్రాంతం.

చదివించాక రెండు వైపులా ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. ఫోన్ నిటారుగా పైనుంచి పట్టుకోవాలి. నక్షా అయితే పక్కన ఒక స్కేలు పెట్టి తీయాలి, ఇది మరవొద్దు. జిరాక్స్ మెషిన్ కొద్దిగా పెంచినా, తగ్గించినా పటం కొలత మారిపోతుంది. పక్కన స్కేలు ఉంటే తేడా పట్టుకోవచ్చు. పెద్ద పటాన్ని ముక్కలుగా, ఒకదాని అంచు ఇంకోదాంట్లో కొద్దిగా వచ్చేట్టు తీయండి. పాత కాగితాన్ని మెషిన్ తనంతట లాక్కునే ట్రేలో పెట్టనివ్వొద్దు, అద్దం మీద పెట్టి తీయమనండి.

అసలు కాగితాన్ని దాచే తీరు

A4 సైజు వాటికి ఓహెచ్‌పీ షీట్లు పనికొస్తాయి. అవి ఎక్కువగా పాలిస్టర్‌వే, ఇంక్‌జెట్ పూత లేనివి అడగండి. పెద్ద నక్షాకు పాలిస్టర్ షీటు మీటర్ల లెక్కన కొనుక్కోవాలి, డ్రాయింగ్ సామాన్ల షాపుల్లో మైలార్ అంటే ఇస్తారు. కాగితం కంటే నాలుగు వైపులా రెండు, మూడు సెంటీమీటర్లు పెద్దగా రెండు షీట్లు కత్తిరించి, మధ్యలో కాగితం పెట్టి, షీట్ల అంచులను రెండువైపులా అంటే టేపుతో కలపాలి. టేపుకూ కాగితానికీ మధ్య కొద్దిగా ఖాళీ ఉండాలి. మూలల దగ్గర టేపు వేయకుండా వదిలితే గాలి ఆడుతుంది. కావాలంటే రేపు అంచు కత్తిరించి కాగితం బయటికి తీయొచ్చు, దాని ఒంటికి జిగురు తగలదు. వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకు అవి ఇంకును పీల్చి కాగితానికి అంటుకుంటాయి.

పెద్ద నక్షాను మడతపెట్టకండి. లావుపాటి అట్ట గొట్టానికి తెల్ల కాగితం చుట్టి, దాని పైన నక్షాను వదులుగా చుట్టి, పైన ఉతికిన నూలు బట్ట కట్టండి. గొట్టం లోపల దూర్చితే తీసేటప్పుడు అంచులు చిరుగుతాయి.

చిరిగిన చోట సెల్లో టేపు వేయొద్దు. అది పసుపుపచ్చగా మారి, ఎండి రాలిపోయినా మరక వదలదు. పతంగుల లై ఉంది కదా అంటారేమో. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా లైలో మైలతుత్తం కలుపుతారు, ఆ రాగి కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. చిరుగు అలాగే ఉన్నా పర్వాలేదు, రెండు షీట్ల మధ్య అది కదలదు.

పురుగు గురించి ఒక పాత ముచ్చట. అరబీ, ఫార్సీ రాతప్రతుల మొదటి పేజీలో "యా కబీకజ్" అని రాసి ఉండటం పండితులు చాలాచోట్ల చూశారు. కబీకజ్ ఒక మొక్క పేరు, దాన్ని పురుగులు ఆమడ దూరం నుంచి తప్పుకుంటాయని నమ్మకం. పోను పోను మొక్క పోయి పేరే మిగిలింది. మన దగ్గర ఎండు వేపాకు వాడతారు. గుడ్డలో కట్టి పక్కన పెట్టండి, కాగితాల మధ్య పరిస్తే మరకలు పడతాయి. బీరువా గోడకు ఆనకుండా, నేలకు అడుగైనా ఎత్తులో ఉంటే సగం పని అయినట్టే.

లామినేషన్ దేనికి చేయించాలి

పొలానికి పట్టుకుపోయే నక్షా కాపీకి చేయించండి. సర్వేయర్ వచ్చిన రోజు ఒడ్డు మీద బురద చేతులతో పట్టుకోవాల్సింది దాన్నే. మెరుపు లేని మ్యాట్ పౌచ్ అడగండి, ఎండలో కళ్లకు కొట్టదు. కాగితం చుట్టూ మూడు, నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలమనండి, కాగితం అంచు దాకా కత్తిరిస్తే నీళ్లు అక్కడి నుంచే లోపలికి పోతాయి.

పిల్లల గోడ పటాలకు, ఆట పటాలకు కూడా ఇదే. కాలేజీ కుర్రాళ్లు కొందరు ఆరు కోణాల గళ్ల పటం పరిచి, అట్టముక్కల దళాలు జరుపుతూ యుద్ధపు ఆటలు ఆడుతుంటారు. అలాంటి పటం ప్రింటు తీసిందైతే ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ విడిగా లామినేట్ చేసి, వెనకనుంచి టేపుతో కలిపితే మడత దగ్గర విరగదు. వైట్‌బోర్డు మార్కర్‌తో గీతలు గీసి తుడుచుకోవచ్చు, చాయ్ ఒలికినా పోయేదేం లేదు. డబ్బు పోసి కొన్న అచ్చు పటమైతే దాన్ని ముట్టకుండా పైన ఒక అక్రిలిక్ షీటు పెట్టి ఆడటం మేలు.

ఇప్పటికే అసలు కాగితాన్ని లామినేట్ చేయించేసినవాళ్లు పీకే ప్రయత్నం చేయకండి, ఇస్త్రీ పెట్టి విప్పే వీడియోలు నమ్మకండి. దాన్ని అలాగే ఉంచి, స్కాన్ చేసి, సర్టిఫైడ్ నకలు తెచ్చుకోండి. నక్షా, తిప్పన్, సేత్వార్ నకళ్లకు సర్వే, ల్యాండ్ రికార్డ్స్ శాఖకు, రిజిస్టర్ దస్తావేజులకు సబ్ రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టాలి. బాగా పాత ఫార్సీ, ఉర్దూ కాగితమైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఒకసారి అడిగి చూడండి.

నీళ్లలో తడిసిన కాగితాన్ని అదే రోజు లామినేషన్‌కు పట్టుకెళ్లడం అన్నిటికన్నా చెడ్డ పని. తడి కాగితాన్ని విదిలించి విప్పకండి. చదునుగా తెల్ల కాగితాలు లేదా నూలు బట్ట మీద పరిచి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి, కింది బట్ట తడిసినప్పుడల్లా మార్చండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఒకేసారి అన్నీ ఆరబెట్టలేనంత కట్ట ఉంటే, విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఫ్రిజ్ పై గదిలో గడ్డకట్టించండి. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టుకోవచ్చు.