పీర్ల చావిడికి యజమాని ఎవరు?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం ప్రాంతపు పల్లెల వంటి చోట పీర్ల చావిడి ఎవరిదని అడిగితే, 'ఊరిది' అనే జవాబే వస్తుంది. మొహర్రంలో పీర్లను నిలిపే ముజావరు ముస్లిం కావచ్చు. అలావా గుండానికి కట్టెలు తెచ్చేవారిలోను, చావిడికి సున్నం వేయించేవారిలోను అన్ని కులాలవారూ ఉంటారు. ఈ ఆచారాలు షరీఅత్‌కు ఎంతవరకు సమ్మతమన్నది వేరే చర్చ. ప్రస్తుత ప్రశ్న స్థలానికి సంబంధించినది. 'ఊరిది' అన్న మాట కచేరీలో నిలుస్తుందా?

ఒక వ్యక్తికీ చెందక అందరికీ ఉపయోగపడే ఆస్తి ఇస్లాంకు కొత్త కాదు. మదీనాలో తీపినీటి కొరత ఉన్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ప్రజలకు విడిచిపెట్టారు. ఆ బావిలో ఆయన చేదకూ ఇతరుల చేదలకూ తేడా లేదు; కొన్నవాడు కూడా వరుసలో ఒకడే. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు లభించిన భూమి విషయమై మహాప్రవక్త (సల్లం)ను సలహా అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని ఆయన చెప్పారు. ఆ భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు. నిర్వాహకుడు మర్యాద మేరకు అందులోంచి తినవచ్చు గాని కూడబెట్టుకోరాదు.

వక్ఫ్ ఆస్తి స్వామ్యం ఎవరిదన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదం ఉంది. దాత స్వామ్యం పూర్తిగా తొలగదని ఇమామ్ అబూ హనీఫా భావించగా, అది అల్లాహ్ స్వామ్యంలోకి పోతుందని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ చెప్పారు. ఆచరణలో శిష్యుల అభిప్రాయమే స్థిరపడింది. కనుక ముతవల్లీ యజమాని కాడు, కాపలాదారు మాత్రమే. ముతవల్లీ కుటుంబాలు ఈ తేడాను మరచిన చోటల్లా వక్ఫ్ నష్టపోయింది.

నిజాం రాజ్యంలో ఉమూరె మజ్‌హబీ శాఖ మసీదులనూ ఆలయాలనూ కలిపి చూసేది. ఫసలీ 1349 నాటి నిబంధనల కింద నమోదైన సంస్థలకు ముంతఖబ్ అనే పత్రం ఉంటుంది. అయితే ఏ దానపత్రమూ లేకుండా తరాల వాడుకతోనే వెలసిన చావిళ్లు, ఖబరస్తాన్‌లు లెక్కకు మిక్కిలి. వీటికోసమే 1954, 1995 చట్టాలు 'వాడుక ద్వారా వక్ఫ్'ను గుర్తించాయి. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని, ఇనాం రద్దు చట్టం కింద పట్టా ఇచ్చినా ఆ స్వభావం మారదని 1998లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సయ్యద్ అలీ కేసులో తీర్పు చెప్పింది.

కానీ పత్రాల బలం చాలని చోట ఈ సూత్రం కూడా నిలవలేదు. హైదరాబాదు సమీపాన మణికొండలోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేర 1,654 ఎకరాల 32 గుంటలను వక్ఫ్‌గా చూపుతూ 2006లో బోర్డు ఇచ్చిన సవరణ ప్రకటనను 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ భూమి ప్రభుత్వానిదని తేల్చింది. 1989 నాటి మొదటి గెజెట్‌లో అంత విస్తీర్ణం లేదు.

2025 సవరణ చట్టం ఏప్రిల్ 8 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొత్తగా వాడుక ద్వారా వక్ఫ్ ఏర్పడదు. అంతకుముందే నమోదైనవి మాత్రం నిలుస్తాయి. వివాదంలో ఉన్నవాటికీ ప్రభుత్వ భూములకూ ఆ రక్షణ లేదు. పల్లె చావిడికి చిక్కు సరిగ్గా ఇక్కడే: అది గ్రామకంఠంలోనో పోరంబోకులోనో ఉండవచ్చు, ఎన్నడూ నమోదు కాకపోయి ఉండవచ్చు. వక్ఫ్ ఆస్తికి కాలపరిమితి వర్తించదన్న పాత 107వ సెక్షన్ కూడా తొలగింది. దురాక్రమణదారుపై ఇక పన్నెండేళ్లలోగా దావా వేయాలి. ముస్లిమేతరుల దానాన్ని అనుమతించిన 104వ సెక్షన్ పోయినందున, హిందూ పట్టాదారు చావిడికి స్థలం ఇవ్వదలిస్తే ట్రస్టు మార్గమే మిగిలింది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని, వీటిని నిలపలేదు.

కనుక చావిడి నిర్వాహకులు మొదట చేయవలసినది తహశీల్ కచేరీలో పాత పహాణీలు, సేత్వార్ నకళ్లు తీయించడం, వక్ఫ్ బోర్డు గెజెట్‌లో తమ ఊరి పేరు ఉన్నదో లేదో చూడడం. సర్వే నంబరు, నాలుగు హద్దులు, ముతవల్లీ పేరు మూడింటిలోనూ ఒకే విధంగా ఉండాలి. ఒకచోట 'ఆషూర్‌ఖానా' అని, మరొకచోట 'చావిడి' అని ఉన్నా చిక్కే.