తప్పిన పట్టు



మగవారి ఆటల ముచ్చట స్త్రీల పత్రిక కేల యని మా చదువరులలో కొందఱు అడుగవచ్చును. ఈ యాట యిపుడు మగవారిది మాత్రమే యని చెప్ప వీలులేదు. 2025 నవంబరు 2వ తేదీని మన దేశపు స్త్రీల జట్టు క్రికెట్టులో ప్రపంచకప్పును గెలుచుకొనినది. ఆ జట్టులో కడప జిల్లా బాలిక శ్రీ చరణి యుండుట మనకు గర్వకారణము. అది యట్లుండ, ఆట మిషగా మేము విచారింపదలచిన ప్రశ్న యొకటి కలదు. అందఱు చూచుచుండగా తప్పు చేసినవానిని మన మెట్లు చూడవలెను? ఈ ప్రశ్న మైదానములోకంటె మన వంటయిండ్లలోను, బిడ్డల చదువుగదులలోను ఎక్కువసారులు పుట్టుచున్నది.

సికిందరాబాదునకు ఉత్తరపు దిక్కున నున్న అల్వాలు ఒకనాటి పల్లె. దండువారి నివాసముల దాపున పెరిగి, 2007లో హైదరాబాదు మహానగరములో కలిసినది. లోతుకుంట మొదలు మచ్చబొల్లారము వఱకు, సెలవునాడు ఖాళీస్థలము దొరికినచోట నెల్ల ఇటుకలు పేర్చి వికెట్టుగా నిలిపి ఆడుకొను పిల్లలు కనబడుదురు. ఇట్టి పేటలలో ఆటను గూర్చిన తగవు ఆటతో ముగియదు. చాయ హోటలులో మొదలై, ఇంటికి నడచివచ్చి, అన్నము వడ్డించువేళకు గూడ సాగుచుండును. తండ్రి యొక పక్షము, కొడుకొక పక్షము. నడుమ తీర్పు చెప్పవలసినది తల్లి. 2025 ఆగస్టు మొదటివారములో అట్టి తగవునకు కారణమైనవాడు మన హైదరాబాదు బౌలరు మహమ్మదు సిరాజు.

జరిగిన దేమనగా: లండను నగరములోని ఓవలు మైదానమున ఇంగ్లండుతో అయిదవ టెస్టు జరుగుచుండెను. గెలుపునకు ఇంగ్లండువారికి 374 పరుగులు కావలెను. నాలుగవనాడు, ఆగస్టు 3వ తేదీని, హారీ బ్రూకు అనువాడు 19 పరుగుల మీద నుండగా ప్రసిద్ధ కృష్ణ వేసిన బంతిని గాలిలోనికి కొట్టెను. హద్దు దగ్గఱ నిలిచియున్న సిరాజు బంతిని చక్కగా పట్టెను. పట్టి, ఒక యడుగు వెనుకకు వేసెను. ఆ కాలు హద్దుత్రాటిపై పడినది. అవుటు కావలసినవానికి ఆఱు పరుగులు వచ్చినవి. బ్రూకు 111 పరుగులు చేసిన పిమ్మట గాని వెడలలేదు. ఆ సాయంకాలము ఆట నిలిచిపోవునప్పటికి ఇంగ్లండువారికి కావలసినవి 35 పరుగులు మాత్రమే. చేతిలో నాలుగు వికెట్లు గలవు.

మఱునాటి ఉదయము సారథి శుభమన్ గిల్ బంతిని సిరాజు చేతి కిచ్చెను. మిగిలిన నాలుగు వికెట్లలో మూడింటిని సిరాజే తీసెను. కడపటివాడైన ఆట్కిన్సను వికెట్టును పడగొట్టుటతో మనదేశము 6 పరుగులతో గెలిచెను. టెస్టు ఆటలలో మన కింత తక్కువ తేడాతో గెలుపు అంతకుముందు రాలేదు. సిరాజునకు ఆ యిన్నింగ్సులో 104 పరుగులకు 5 వికెట్లు, ఆటమొత్తములో 9 వికెట్లు. అయిదు టెస్టులును 2–2గా సమానమైనవి.

ఇక తగవు. ఒక పక్షమువారు లెక్క తీసిరి. పట్టు తప్పిన పిదప బ్రూకు చేసినవి 92 పరుగులు. ఆ కాలు త్రాటిపై పడకున్నచో నాలుగవనాడే యాట ముగిసెడిది. కనుక సిరాజు తాను చేసిన అప్పును తానే తీర్చుకొనెను, ఇందులో మెప్పేమున్నదని వారి వాదము. రెండవ పక్షమువారు వేఱొక లెక్క తీసిరి. ఆ అయిదు టెస్టులలో ఒక్కదానిని గూడ విడువక ఆడి, 1,113 బంతులు వేసి, ఇరుపక్షములలో నెవ్వరికంటెను ఎక్కువగా 23 వికెట్లు తీసిన శ్రామికుని ఒక్క యడుగుతో కొలుచుట న్యాయమా యని వారి వాదము. ఈ రెండు లెక్కలును నిజమే. అందుచేతనే తగవు తెగదు.

సిరాజునకు ఇట్టి నింద క్రొత్త గాదు. అతని తండ్రి హైదరాబాదులో ఆటోరిక్షా నడిపి సంసారము నీడ్చినవాడు. 2019 జనవరిలో అడిలైడులో ఆడిన తన మొదటి వన్డేలో సిరాజు 76 పరుగులిచ్చి ఒక్క వికెట్టైనను తీయలేదు. ఆ యేటి ఐపీఎల్‌లో కలకత్తా జట్టుపై చెడుగా బంతులు వేసినపుడు, ఆట మాని తండ్రితో గూడ ఆటో నడుపుకొమ్మని జనులు పరిహసించిరని అతడే తరువాత చెప్పుకొనెను. తండ్రి వృత్తిని తిట్టుగా వాడిన యామాట ఆటకు సంబంధించినది కానేకాదు. మఱుసటి యేట, 2020 అక్టోబరులో, అదే కలకత్తా జట్టుపై అతడు నాలుగు ఓవర్లలో 8 పరుగులు మాత్రమిచ్చి 3 వికెట్లు తీసెను. అందులో రెండు ఓవర్లలో ఒక్క పరుగైనను రాలేదు.

తరువాతి నెలలో అతడు జట్టుతో ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి మరణించెను. ఇంటికి రాదలచినచో రావచ్చునని పెద్దలు సెలవిచ్చిరి. తల్లి మాత్రము, తండ్రి కోరిక తీర్చి రమ్మని ధైర్యము చెప్పెనని అతడు పలుమాఱులు చెప్పియున్నాడు. క్రొత్తగా వైధవ్యము పొందిన యిల్లాలు తన కన్నీటిని దాచుకొని కొడుకునకు అట్టి మాట చెప్పుట యెంత కష్టమో మాతృమూర్తులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పర్యటనములోనే సిరాజు మొదటి టెస్టు ఆడి, మూడు టెస్టులలో 13 వికెట్లు తీసెను.

అయినను ఒక సంగతి మఱువరాదు. తప్పు చేసిన ప్రతివానికిని మఱునాడు సరిదిద్దుకొను అవకాశము దొరకదు. ఓవలు ఆటకు మూడు వారములముందు, జూలై 14న, లార్డ్సు మైదానమున సిరాజు కడపటి బ్యాటరుగా నిలిచి జడేజాకు తోడుగా 30 బంతుల నెదుర్కొనెను. ముప్పదవ బంతిని బ్యాటుతో ఆపెను గాని, అది నేలపై దొరలి వికెట్టును తాకినది. మనవారు 22 పరుగులతో ఓడిరి. ఆనాడు అతని కష్టము గెలుపుగా మాఱలేదు. అందుచేత కష్టము తక్కువదని చెప్పవచ్చునా?

ఓవలులో నైనను, కడపటి బంతి వేయునప్పటికి ఇంగ్లండువారికి గెలుపునకు 7 పరుగులు కావలసియుండెను. ఆ బంతిని ఆట్కిన్సను ఆఱు పరుగులకు కొట్టియున్నచో పరుగుల లెక్క సమానమైయుండెడిది. అపుడు సిరాజు వేసిన బంతులన్నియు అవే, పడిన శ్రమ అదే, మనస్సులోని పట్టుదల అదే. మన నోటిమాటలు మాత్రము మాఱియుండెడివి. నేడు పొగడుచున్న నోళ్లు త్రాటిపై బడిన కాలిని గూర్చియే నేటికిని చెప్పుకొనుచుండెడివి. ఫలమును చూచి మనిషికి వెలకట్టుటలోని లోప మిదియే.

ఈ పాఠము అల్వాలునకు పొరుగుననే మఱియొకటి కలదు. అల్వాలు స్టేషనున్న రైలుమార్గముననే యున్న అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాసు బలరాము ఫుట్‌బాలులో దేశమునకు ఖ్యాతి దెచ్చినవాడు. 2023లో కాలధర్మము నొందెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో అతడాడిన మన జట్టు మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినది. హైదరాబాదువాడైన శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీము అప్పటికే క్యాన్సరుతో బాధపడుచుండెను. ఆయన జట్టును చెదరనీయలేదు. సెప్టెంబరు 4వ తేదీని తుదియాటలో అదే దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మనవారు బంగారు పతకము నందిరి. మఱుసటి యేట రహీము మరణించెను.

ఇక మన యిండ్ల సంగతి. క్రికెట్టులో బ్యాటరు ఒక్క తప్పు చేసినచో వెడలిపోవలెను. బౌలరునకు మఱియొక బంతి కలదు. మనము మన యింటివారిలో ఎవరిని బ్యాటరుగా, ఎవరిని బౌలరుగా చూచుచున్నామో ఆలోచింపవలెను. అత్త కొట్టినది అడుగోటి కుండ, కోడలు కొట్టినది క్రొత్త కుండ యని సామెత. కొడుకు పరీక్ష తప్పినచో మఱల వ్రాయునులే యందుము. కూతురు తప్పినచో చదువు చాలించి సంబంధము చూతమందుము. ఒకే తప్పునకు రెండు తీర్పులు! కొడుకున కిచ్చిన రెండవ బంతి కూతురున కేల యీయరాదు?

ఇట్లనుటచే తప్పును కప్పిపుచ్చవలెనని మా యభిప్రాయము గాదు. హద్దు దగ్గఱ నిలిచినవాడు త్రాడెక్కడనున్నదో ఎఱిగి యుండవలెను. ఆ మాట అతనికి చెప్పవలసినదే. కాని చెప్పుటకు వేళ యున్నది, తీరున్నది. బిడ్డ తలవంచుకొని వచ్చిననాడు ముందు అన్నము పెట్టుడు. ఎక్కడ అడుగు తప్పినదో మఱునాడు నెమ్మదిగా అడుగుడు. ఆ యొక్క తప్పునే యడుగుడు. తాత తండ్రుల వృత్తిని, పొరుగింటి పిల్లవాని మార్కులను నడుమకు తేకుడు. పిదప ఆ పనినే మఱల చేతి కీయుడు. గిల్ సారథి మఱునాటి ఉదయము చేసినది అదియే. నిన్న తప్పు చేసినవానికి నేడు బంతి నిచ్చుట యొక మాటైన పలుకక చెప్పిన క్షమాపణము, నమ్మకము గూడ.

మీ యింట ఈ తగవు మరల వచ్చినపుడు తీర్పు చెప్పవలసినది మీరే. ఆ తీర్పును మీ పిల్లలు వినుచుందురు. తాము తప్పిననాడు తమకు రాబోవు తీర్పు ఎట్టిదో వారు దానినిబట్టియే తెలిసికొందురు.